జాబితాకెక్కని ఫోటో

ఉద్యోగం మానేసి గుంటూరులో అద్దె గదిలో కూర్చున్న రెండో నెలలో మా మేనమామ దర్శి నుంచి ఫోన్ చేశాడు. ఆయనకక్కడ ఫోటో స్టూడియో ఉంది. కొత్త కంప్యూటర్ కొన్నాడట. పాతదాంట్లో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన ఫోటోలన్నీ దాంట్లోకి మార్చాలట. బయటివాళ్ళను పిలిస్తే ఏది పోగొడతారోనని భయమట, నేనైతే ఇంటిపిల్లను కాబట్టి నాలుగు రోజులుండి చేసిపెట్టాలట. ఆయన చెప్పడం పూర్తికాకముందే వస్తానన్నాను. అప్పటికి నాకు ఏం చెయ్యాలో తోచక, గదిలో ఉన్న రెండు గిన్నెల్నే రోజుకు మూడుసార్లు తోముతున్నాను. ఫోన్ తీయడం, పెట్టేయడం, మేడెక్కడం, దిగడం. ఒక్కచోట పది నిమిషాలు కూర్చుంటే ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుండేది. మర్నాడు బస్సులో కూడా అద్దంకి వెళ్ళేలోపు మూడు సీట్లు మారాను. కండక్టర్ నావంక అదోలా చూశాడు.

స్టూడియోలో మావయ్యా అత్తయ్యా పని పంచుకున్నారు. కెమెరా ఆయనది, కంప్యూటర్ ఆవిడది. తీసిన ఫోటోలు తెచ్చి ఆవిడ ముందు పడేయడం వరకే ఆయనకు తెలుసు. వాటికి పేర్లు పెట్టడం, మొహాల మీద మచ్చలు తుడవడం, ప్రింట్లు తీయడం, పెళ్ళివాళ్ళను కూర్చోబెట్టి ఆల్బమ్‌కు ఫోటోలు ఎంపిక చేయించడం, అంతా అత్తయ్యే. నేను వెళ్ళేసరికి ఆవిడ ఊళ్ళో లేదు. చీరాలలో వాళ్ళ చెల్లెలికి ఆపరేషన్ అయితే చూసుకోవడానికి వెళ్ళింది. లేకపోవడమే మంచిదనుకున్నాను. పక్కన నిలబడి అది ముట్టుకోకు, ఇది కదపకు అనేవాళ్ళుంటే నాకు పని సాగదు.

కంప్యూటర్ తెరిస్తే తల తిరిగింది. ఊరి పేరుతో ఒక ఫోల్డర్. దాంట్లో ఒక పెళ్ళి. పెళ్ళిలో ఆల్బమ్. ఆల్బమ్‌లో 'ఫైనల్'. ఫైనల్‌లో 'అసలు ఫైనల్'. దాని లోపల 'పెళ్ళికూతురు వాళ్ళు మార్చమన్నవి'. దాని లోపల మళ్ళీ 'ఫైనల్'. మౌస్‌తో అంతా పట్టుకుని కొత్తదాంట్లోకి లాగితే, ఇంత లోతు నా వల్ల కాదన్నట్టు కంప్యూటర్ మధ్యలోనే ఆగిపోయేది. రెండుసార్లు చూసి విసుగొచ్చింది. చేత్తో కాదు, ప్రోగ్రామ్ రాసి చేద్దామనుకున్నాను.

ఇలాంటి పనికి ఒక చిన్న లైబ్రరీ ఉంది. ఎవరో పుణ్యాత్ములు రాసి, అందరూ వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టిన కోడ్ ముక్క అది. దానికి ఒక ఫోల్డర్ పేరు చెబితే లోపలున్న ఫైళ్ళన్నీ పేరుపేరునా రాసిస్తుంది. మధ్యలో ఇంకో ఫోల్డర్ తగిలితే దాంట్లోకీ దిగుతుంది. దాంట్లో ఇంకోటుంటే అందులోకీ. అడుగు తగిలాక పైకొచ్చి పక్కదాంట్లోకి దిగుతుంది. అలసిపోదు, విసుక్కోదు. దాన్ని ఎలా వాడాలో వివరించే పేజీ పొడుగ్గా ఉంది. నేను పైన అయిదు లైన్లు చదివి, ఇంకేం అక్కర్లేదనుకుని పని మొదలుపెట్టాను. నా పద్ధతే అంత. ఇంజనీరింగ్‌లో కూడా ప్రశ్న సగం చదివి జవాబు రాసేదాన్ని.

రెండో రోజు మధ్యాహ్నం, ప్రోగ్రామ్ జాబితా రాసుకుంటూ పోతుంటే, ఒకావిడ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. నలభై అయిదేళ్ళుంటాయి. మిరపకాయల కోత నుంచి సరాసరి వచ్చినట్టుంది, ఆమె వెంట వచ్చిన ఘాటుకు నాకు తుమ్ములాగలేదు. రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుంది. లోపలికి రమ్మంటే, చేతులకు కారం ఉంది, ఏమన్నా ముట్టుకుంటే మీకు మంట అంది. మావయ్య ఆమెను చూడగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, ఇదిగో మా మేనకోడలు వచ్చింది, ఇవాళ చూస్తుందిలే అని నావైపు చూపించాడు.

ఆమె కూతురు డెంగీ జ్వరంతో పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. ఆ రోజు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. ఫ్లెక్సీ మీద వేయడానికీ, ఇంట్లో గోడకు పెట్టుకోవడానికీ ఆ పిల్ల ఫోటో ఒక్కటి కూడా లేదు. ఫోటోలన్నీ ఆ పిల్ల ఫోన్లోనే ఉండేవట. లాక్ ఎవరికీ తెలియక రిపేరు షాపులో ఇస్తే, వాళ్ళు ఫోన్ తెరిచారు గానీ లోపలున్నవన్నీ తుడిచిపెట్టి తెరిచారు. ఆధార్ కార్డు మీది బొమ్మలో మనిషిని ఆనవాలు పట్టేట్టే లేదు. పోవడానికి రెండు వారాల ముందు చీర కట్టుకుని ఈ స్టూడియోలో ఒక ఫోటో దిగింది. ప్రింటు తీసుకెళ్ళేలోపే జ్వరం పట్టుకుంది. ఆ ఒక్క ఫోటో కోసం ఆమె ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. అత్తయ్య లేకపోవడంతో మావయ్య రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతున్నాడు.

నాకు హుషారొచ్చింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ అప్పుడు వచ్చింది హుషారే. జాబితా పూర్తవగానే ఆ పిల్ల పేరుతో వెతికాను. లేదు. ఇంటిపేరుతో వెతికాను. లేదు. ఆ నెలలో తీసినవన్నీ విడిగా తీశాను. వాళ్ళ ఊరి ఫోల్డర్‌లో ఉన్న ఆడపిల్లల ఫోటోలన్నీ తెర మీద పెట్టి, గుమ్మంలోంచే చూడమని ఆమెకు ఒక్కొక్కటీ చూపించాను. ఈ పిల్లా అంటే కాదు. ఈ పిల్లా అంటే కాదు, అది ఫలానా వాళ్ళమ్మాయి, దానికి పెళ్ళయింది. నా వేలు ఆగడం లేదు, టకటకా నొక్కుకుంటూ పోతున్నాను. "కాస్త నిదానంగా పోమ్మా" అంది ఆమె. అందరి పిల్లల్నీ చూసింది, ఒక్కరిని కూడా వదలకుండా. అరగంటకు అయిపోయాయి.

మావయ్య గొంతు తగ్గించి, ఎందుకైనా మంచిది మీ అత్తకు ఒక మాట ఫోన్ చేసి అడుగుదామా అన్నాడు. అక్కర్లేదన్నాను. లిస్టులో లేకపోతే లేనట్టే, అత్తయ్య గుర్తుపెట్టుకోవడం కన్నా ప్రోగ్రామ్ నయం అని తేల్చేశాను. తర్వాత ఆమె వైపు తిరిగి చెప్పాను.

"లేదండీ. మొత్తం వెతికించాను. ఎక్కడా లేదు."

ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. తెర వైపు కాసేపు చూసి, ఇంత పెద్ద మిషన్లో ఎక్కడా లేదా అంది. లేదన్నాను. సరేనమ్మా అని చెప్పులేసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. మావయ్య లోపలికెళ్ళి చాలాసేపు లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మిగతా పని మూడో రోజుకు అయిపోయింది. పాతదాంట్లో ఉన్న జాబితా, కొత్తదాంట్లోకి వెళ్ళిన జాబితా పక్కపక్కన పెట్టి సరిచూశాను. ఒక్క ఫైలు కూడా తేడా లేదు. కానీ ఒక విషయం మాత్రం నన్ను గిల్లుతూనే ఉంది. జాబితాలోని ఫైళ్ళ సైజులన్నీ కలిపితే వచ్చేదానికీ, పాత హార్డ్‌డిస్క్ నేనింత నిండి ఉన్నానని చెప్పేదానికీ పొంతన లేదు. డిస్క్ ఎక్కువ చెబుతోంది. తీసేసినవాటి చెత్త ఎక్కడో ఉండి ఉంటుందిలే అనుకున్నాను. చూద్దామా అని కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగడానికి లేచి, మళ్ళీ కూర్చుని, ఇక చాల్లే అని కట్టేశాను. పాత డిస్కును ఊడదీసి, కేబుల్‌తో తగిలించుకునే చిన్న డబ్బాలో బిగించి మావయ్యకిచ్చాను. తుడిచేసి వాడుకో మావయ్యా, ఇక దీంతో పనిలేదు అని చెప్పింది కూడా నేనే.

నాలుగో రోజు పొద్దున గుంటూరు బస్సెక్కాను. దర్శి దాటగానే మళ్ళీ అదే గిల్లుడు. రోడ్డుకు రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, వాటి మధ్య ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఆ గుంపుల్లో చేతులు దూరంగా పెట్టుకున్న మనిషి ఉందేమోనని ప్రతి కల్లం వైపూ మెడ తిప్పి చూస్తున్నాను. ఎందుకు చూస్తున్నానో నాకే కోపం వచ్చింది. ధ్యాస మళ్ళించుకోవడానికి ఫోన్ తీసి, ఆ లైబ్రరీ పేజీ మొదటిసారి చివరిదాకా చదివాను. కింద ఎక్కడో ఒక లైనుంది. దాచిపెట్టిన ఫైళ్ళనూ ఫోల్డర్లనూ ఇది వదిలేస్తుంది, అవి కూడా కావాలంటే ముందే అడగాలి అని.

నేను అడగలేదు. అయినా ఫోటో స్టూడియోలో దాచిపెట్టేవి ఏముంటాయి అనుకున్నాను. రెండు కిలోమీటర్లు అలాగే అనుకుని, ఉండబట్టలేక చీరాలలో ఉన్న అత్తయ్యకు ఫోన్ చేశాను. చెల్లెలి ఆరోగ్యం అడిగి, మెల్లగా అసలు సంగతి అడిగాను. కంప్యూటర్లో నువ్వేమైనా ఫోల్డర్లు దాచావా అత్తా అని.

"దాచకపోతే ఎట్టా? పోయినవాళ్ళ ఫోటోలన్నీ దాచే ఉంచుతాను" అంది అత్తయ్య, అదేదో లోకమంతా చేసే పనైనట్టు.

తర్వాత తీరిగ్గా చెప్పుకొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక పెళ్ళివాళ్ళు కుర్చీలేసుకుని ఆల్బమ్ ఫోటోలు ఎంచుకుంటున్నారట. పొరపాటున పక్క ఫోల్డర్ తెరుచుకుని, అంతకుముందు వారమే దండ వేయడానికి తయారుచేసిన ఒక ముసలాయన ఫోటో తెర నిండా పడింది. పెళ్ళికూతురు తల్లి లేచి నిలబడింది. శుభమా అని కూర్చుంటే ఇదేం శకునమని, అడ్వాన్సు కూడా అడక్కుండా వెళ్ళి వేరే స్టూడియోకి ఇచ్చుకున్నారు. అప్పట్నుంచీ అత్తయ్య ఒక పద్ధతి పెట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పోయారని తెలిసినా, వాళ్ళు విడిగా దిగిన ఫోటోలన్నీ తీసి ఒక ఫోల్డర్లో వేస్తుంది. ఆ ఫోల్డర్ ఎవరికీ కనపడకుండా దాస్తుంది. పైన పేరు టైపు చేస్తేనే తెరుచుకుంటుంది. పేరు కూడా 'వాళ్ళు' అని పెట్టింది. మావయ్యకు ఇదేమీ తెలీదు. ఆయన ఎప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

చీర కట్టుకుని ఫోటో దిగిన ఆ పిల్ల సంగతి అడిగాను.

"అయ్యో, ఆ పిల్లా. పోయిందని తెలిసిన రోజే మార్చేశాను. ఎంత లక్షణంగా ఉంటుందో. ఏం, వాళ్ళమ్మ వచ్చిందా?"

తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. మావయ్యకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆయన ఆ రోజు ఒక ఓణీల ఫంక్షన్‌కు ఫోటోలు తీయడానికి వెళ్తున్నాడని గుర్తొచ్చింది. పొద్దున నేను బయల్దేరుతుంటే పాత డిస్కును కెమెరా సంచిలో పెట్టుకుంటూ, వీడియో కార్డులు నిండితే దీంట్లోకి ఎక్కిస్తాలే అన్నాడు. ఎక్కించే ముందు తుడిచేస్తాడు. తుడవమన్నది నేనే. అద్దంకి ఇంకా రాలేదు. డ్రైవర్ దగ్గరికెళ్ళి ఆపమన్నాను. ఇక్కడెక్కడమ్మా, స్టాండ్‌లోనే దిగు అన్నాడు. అద్దంకి దాకా డ్రైవర్ వెనక నిలబడే ఉన్నాను. ఎనిమిది సార్లు ఫోన్ చేశాను.

తిరుగు బస్సు ఎంతకూ రాలేదు. స్టాండ్‌లో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. చివరికి ఒక ఆటో అతన్ని బతిమాలి దర్శి దాకా మాట్లాడుకున్నాను. దారిలో మిరపకాయ బస్తాల ట్రాక్టరు ఒకటి అడ్డం పడి, మా ఆటో దాని వెనకే కళ్ళు మండుతుండగా చాలాదూరం నడిచింది. ఏడుస్తున్నానో, ఘాటుకు నీళ్ళు కారుతున్నాయో నాకే తెలీలేదు. రెండూ అయ్యుంటాయి. లేదండీ, ఎక్కడా లేదు అని నేను చెప్పిన తీరు చెవిలో తిరుగుతోంది. సందేహం ఉంటే కదా గొంతు కాస్తయినా తగ్గేది. నాకా రోజు ఏ సందేహమూ లేదు.

ఫంక్షన్ జరుగుతున్న కల్యాణమండపంలో డీజే మోతకు గోడలు అదురుతున్నాయి. మావయ్య భోజనాల బల్ల ముందు కూర్చుని మటన్ బిర్యానీ తింటున్నాడు. నన్ను చూసి, ఏందే, ఇంకా పోలేదా అన్నాడు. డిస్క్ ఏది అని అరిచాను. సంచిలో ఉందన్నాడు. తుడిచావా అంటే, భోజనం చేసి చేద్దామనుకున్నా, కార్డులు నిండిపోయాయి అన్నాడు. నేను ఎంగిలాకుల మధ్య నుంచి సంచి లాక్కుని, డబ్బా తీసి గుండెలకు పట్టుకున్నాను. పక్కన తింటున్నవాళ్ళు చెయ్యి ఆపి చూశారు. మావయ్యకు ఏమీ అర్థం కాకపోయినా, ముక్క చేత్తో పట్టుకునే షాపు తాళాలు నాకందించాడు.

షాపులో డిస్కు తగిలించి, ప్రోగ్రామ్‌లో ఒక్క మాట మార్చాను. దాచినవి కూడా చూపించు అని. అంతే, ఒకే ఒక్క మాట. 'వాళ్ళు' తెరుచుకుంది. దాని లోపల మళ్ళీ ఊళ్ళు, ఊళ్ళ లోపల ఇంటిపేర్లు, వాటి లోపల మనుషులు. జాబితా కిందకి జారిపోతూనే ఉంది. ఏ పెళ్ళి ఫోల్డర్లోనూ లేని శుభ్రత ఇక్కడుంది. ఒక్క 'ఫైనల్' లేదు, ఒక్క పేరు తప్పు లేదు. పురుగుమందు తాగిన రైతులు, ముసలివాళ్ళు, బండి మీద నుంచి పడిన కుర్రాళ్ళు. మా అమ్మమ్మ కూడా ఉంది. ఇంతమందిని వదిలేసి, ఒక్క ఫైలు కూడా తేడా లేదని నేను మావయ్యకు అప్పగించాను.

ఆ పిల్ల తన ఊరి ఫోల్డర్లోనే ఉంది. ఆకుపచ్చ చీర, సన్న అంచు. రెండు జడల మీద నుంచి ఒక జడకు ఈమధ్యే మారినట్టు జడను ముందుకేసుకుని, అది జారిపోతుందేమోనని చేత్తో పట్టుకుని నిలబడింది. నవ్వాలా వద్దా అని తేల్చుకోలేని మొహం. నేను ముందు దాన్ని మూడుచోట్ల దాచుకుని, తర్వాతే మిగతావాళ్ళనందరినీ కొత్తదాంట్లోకి ఎక్కించాను. మావయ్య వచ్చాక ఇద్దరం కలిసి పెద్ద ప్రింటు తీసి ఫ్రేము కట్టాం. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఫ్రేము పట్టుకుని ఆమె పని చేస్తున్న కల్లం ఎక్కడో అడిగి కనుక్కుని వెళ్ళాను. పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. నన్ను గుర్తుపట్టి లేచొచ్చింది. చుట్టిన కాగితం విప్పి ఫ్రేము ఆమె వైపు తిప్పాను.

చేతులు చాపబోయి ఆపుకుంది. "నా చేతికియ్యొద్దమ్మా, కారం అంటుద్ది. నువ్వే పట్టుకో" అంది.

రెండు చేతులతో ఆమె కళ్ళకు ఎదురుగా పట్టుకున్నాను. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. మొహం చూసింది, చీర చూసింది, జడ పట్టుకున్న చెయ్యి చూసింది. మళ్ళీ మొహం. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి వచ్చి వెనక నిలబడ్డారు. ఫ్లెక్సీ బొమ్మ లేకుండానే కొట్టించేశాం, మళ్ళీ కొట్టిస్తాం అంది చివరికి. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఎక్కడా లేదన్నావు గదమ్మా. యాడుంది ఇన్నాళ్ళూ?"

కంప్యూటర్ పొరపాటని చెప్పొచ్చు. ఆమె నమ్మేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ ఒకసారి నాకేమీ తెలియకుండానే తెలిసినట్టు ఆమెకు చెప్పినదాన్ని, మళ్ళీ ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. ఉంది, మొదట్నుంచీ అక్కడే ఉంది, నేనే సరిగ్గా వెతకలేదు అన్నాను. పోయినవాళ్ళ ఫోటోలు మా అత్త ఒకచోట దాచిపెడుతుంది, ఆల్బమ్ కోసం వచ్చే పెళ్ళివాళ్ళ కంట పడకూడదని, అన్నాను.

ఆమె కోప్పడలేదు. చూపు మళ్ళీ ఫోటో మీదికే వెళ్ళింది.

"పెళ్ళివాళ్ళకి చూపిద్దామనే గదమ్మా ఈ ఫోటో తీయించింది" అంది.